నిద్రపోని ల్యాప్‌టాప్

కదిరి బస్టాండు పక్కన రిపేరు కొట్టులో సుహానా తన భర్త ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టింది. రిపేరు చేసే అతను దాన్ని తెరిచి చూశాడు.

“విండోస్ బదులు లినక్స్ ఏసినారే. ఏమయితాందమ్మా?”

“స్లీపులో పెడితే ఎంటనే లేస్తాండాదన్నా. తెర ఎలిగితే చాలు, మా అత్త తన కొడుకొచ్చినాడని మా ఆయన రూములోకి పోతాది.”

“ఆయప్ప యాడికి పోయినాడు?”

“రంజాన్ ముందర గుండె ఆగి చనిపోయినాడు. మా అత్తకు మతిమరుపు. చెప్పినా గుర్తుండదు.”

అతను ల్యాప్‌టాప్‌ను తనవైపు తిప్పుకున్నాడు. చాలాసేపు కమాండ్లు కొట్టి చూశాడు.

“మౌసు దీన్ని నిద్ర లేపుతాండాది. అట్ల లేపకుండా ఆపినా. ఇంక మనం లేపితేనే లేస్తాది.”

అతను స్లీపులో పెట్టగానే తెర నల్లబడింది. మళ్లీ వెలగలేదు. సుహానా దానివైపే చూస్తూ ఉండిపోయింది.

“ముందరి మాదిరే పెట్టన్నా.”

“మళ్లీ మీ అత్త ఆ రూములోకి పోతాదేమోమ్మా?”

“ఆమె ఒకతే కాదన్నా. ఎనకాలే నేనూ పోతాండా.”