ఏం జెయ్యం

వరంగల్‌లో ఒక దవాఖాన. బొటనవేలు వంకాయంత వాచిన వీరభద్రాన్ని వరండాలో కూర్చోబెట్టుకుని చుట్టాలంతా గొల్లుమంటున్నారు. గదిలో విన్న డాక్టరమ్మ మాటను వాళ్లకు చేరవేసిన బావమరిది మళ్లీ ఆమె గదిలోకి దూసుకొచ్చాడు.

“‘అంత ఏం జెయ్యం’ అంటివి గదమ్మా! ఏం జెయ్యనోళ్లకు దవాఖాన ఎందుకు? మా బావను సావుమంటవా?”

“ఎనుమాముల మార్కెట్ల పత్తి యాపారమన్నరు. చెవులల్ల గూడ పత్తేనా? నేనన్నది ‘అంతా ఎంజైమ్ పని’ అని! ఒంట్ల పనులు జరిపించే ప్రోటీను అది.”

“పనులు జరిపిస్తే వేలెందుకు వాచింది?”

“ఒక ఎంజైమ్ యూరిక్ యాసిడ్ తయారుచేస్తది. ఎక్కువైతే అది కీళ్లల్ల సూదులై గుచ్చుతది. ఆ పనిలనే కొంత ఆక్సిజన్ గూడ తెగబడే రకంగ మారి, తగిలినదాన్నల్లా పాడుచేస్తది.”

“ఆక్సిజన్ పానం పోస్తదంటరు, నీ దగ్గర తీస్తదా? ఏం సదివినవమ్మా?”

“మామూలుది పోస్తది. ఇది రియాక్టివ్ ఆక్సిజన్. అచ్చం మీ లెక్కనే. సగం మాట వినంగనే రియాక్షన్!”

“నన్ను తిట్టుడు తర్వాత. మా బావ బతుకుతడా?”

“బొటనవేలికి పానం పోతదా? ముందు వాపు తగ్గిస్తం. తర్వాత ఆ ఎంజైమ్‌ను అణిచే గోళీలిస్తం. మీరు పెట్టించిన ఏడుపు మీరే పోయి ఆపుండ్రి.”

అతను వరండాలోకి వెళ్లి గొంతు సవరించుకున్నాడు.

“అందరు వినుండ్రి! డాక్టరమ్మ ‘ఏం జెయ్యం’ అనలేదు, ‘ఎంజైమ్’ అన్నది! అది బావ ఒంట్లనే ఉంటదట, గోళీలతోని అణుస్తరట. అక్కా, ఏడ్వకు! పోయేది నీ తాళి కాదు, బావ కాలి వాపే!”