కేదారమ్మ ఉన్నట్టేనా?

వరండాలో వాలుకుర్చీలో అమ్మమ్మ. ఆసుపత్రి ల్యాబులో డాక్టరుగా పనిచేసే మనవరాలు ఎదురుగా పీట మీద కూర్చుని, ఆమె గోళ్ళు తీస్తోంది.

"అంత లోపలికి తియ్యకే, నొప్పెడుతుంది."

"కదలకుండా ఉంటేగా అమ్మమ్మా! మాట మాటకీ చెయ్యి ఊపుతావు."

"నోరు ఊరుకుంటే చెయ్యి ఊరుకుంటుంది. నా నోరు ఎప్పుడూరుకుంది? సరే, మాట తప్పించకు. నా దవడలో గడ్డ నుంచి ముక్క తీశారుగా, దాని సంగతేమైంది? ఇవాళ తెలుస్తుందన్నావు."

"పెద్ద డాక్టరుగారు చూశారు."

"నువ్వు చూళ్ళేదా?"

"సొంతవాళ్ళది మేం చూడకూడదు. అది పద్ధతి."

"చూడకూడదంటే ఆగే రకమేనా నువ్వు? మెట్ల కింద పిల్లి ఈనినప్పుడు, వాటి జోలికెళ్ళకే, తల్లి చోటు మార్చేస్తుందని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. వింటేనా! టార్చిలైటు వేసి మరీ చూశావు. తెల్లారేసరికి తల్లీ లేదు, పిల్లలూ లేరు. అన్నం మానేసి ఒకటే ఏడుపు."

"అది చిన్నప్పటి సంగతి."

"ఇప్పుడు మారావా ఏం? చూశావా, లేదా?"

"...చూశాను."

"అదీ! మరి కేదారమ్మ ఉందా?"

"కేదారమ్మ కాదు, కెడ్‌హెరిన్. ఎన్నిసార్లు చెప్పాలి!"

"నా నోటికి అంతే వస్తుంది. పరీక్షల ముందు నా చేత జడ వేయించుకుంటూ పాఠమంతా నాకేగా అప్పజెప్పావు? ఒంట్లో కణాలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని గోడలా నిలబడతాయి, ఆ పట్టు పేరే కేదారమ్మ అన్నావు. రంగు వేసి చూస్తే, పట్టు ఉన్నచోట ప్రతి కణం చుట్టూ గోధుమరంగు గీత కనబడుతుంది. పట్టు పోయినచోట గీత ఉండదు. అవి గుంపు విడిచి ఎముకలోకీ, మెడలోకీ, ఊపిరితిత్తుల్లోకీ దారి చూసుకుంటాయి. అంతేనా?"

"అంతే. కానీ అదొక్కటే చూసి అంతా చెప్పెయ్యలేం అమ్మమ్మా. ఇంకా చాలా..."

"అడిగినదానికి చెప్పవే. గీత ఉందా?"

"ఆ చెయ్యివ్వు. ఇది అయింది."

"ఇదిగో చెయ్యి. గీత ఉందా?"

"ఉంది."

"అన్నిటి చుట్టూనా?"

"అన్నిటి చుట్టూ."

"అంచుల దగ్గర కూడా? ముందు వదులయ్యేది అక్కడేనన్నావు. నేనల్లిన స్వెట్టరు అంచు పట్టుకు లాగి, మెడ దాకా ఊడదీశావే, అలాగన్నమాట."

"అంచుల దగ్గర కూడా ఉంది. చిటికెన వేలు చాపు... ఆఁ, అయిపోయింది. ఇంక ఆపరేషను చేయించుకుందాం, సరేనా? ఒకవైపు దవడ తీసేసి, కాల్లోంచి ఎముక తెచ్చి పెడతారు."

"ఒకవైపు దవడ పోతే సగం మాటలే వస్తాయేమో. మీ తాతయ్య ఉంటే ఎంత సంబరపడేవాడో!"

"మాటలు మెల్లగా వస్తాయి. స్పష్టంగా రావడానికే కొన్నాళ్ళు పడుతుంది. అందాకా రాసి చూపించొచ్చు."

"నాకు రాయడం ఎక్కడొచ్చే? సంతకానికే చెమటలు పడతాయి."

"నేను నేర్పిస్తాను."

"నేర్పిస్తావులే. ఇలా చూడు బంగారం. ఒకసారి గీకించుకున్నాను, మళ్ళీ వచ్చింది. ఇప్పుడు ఏకంగా దవడే అడుగుతున్నారు. అది అక్కడే కదలకుండా కూర్చుని ఉంటే ఇచ్చేస్తాను, పీడా పోతుంది. అప్పుడే గుంపు విడిచి వెళ్ళిపోయి ఉంటే మాత్రం, నా నోరు నాకుంచండి. ఉన్నన్నాళ్ళూ వాగుతాను. మీ అమ్మ చిన్నప్పటి కబుర్లు నీకు సగం కూడా చెప్పలేదు. అద్దంలో పిల్లకి రొట్టె పెట్టింది చెప్పానా?"

"లేదు."

"చూశావా! నడక కూడా సరిగ్గా రాలేదు దానికి. అద్దంలో తనని చూసుకుని ఎవరో పిల్ల అనుకుంది. తన చేతిలోని రొట్టె ఆ పిల్ల నోట్లో పెట్టబోయింది. ఆ పిల్ల తినట్లేదని ఇల్లెగిరిపోయేలా ఏడుపు! మీ అమ్మ పోయాక ఈ కబుర్లన్నీ నా నోట్లోనే మిగిలాయి. ఇంకెక్కడా లేవు. అందుకే అడుగుతున్నా."

"చెప్పానుగా, అక్కడే ఉంది."

"ఒట్టు?"

"ఒట్టెందుకు అమ్మమ్మా? డాక్టర్ని, చెబుతున్నాను."

"డాక్టరు సంగతి తర్వాత. నా మనవరాలు చెప్పాలి."

"...ఒట్టే. అన్నీ గట్టిగా పట్టుకునే ఉన్నాయి. ఒక్కటి కూడా వదల్లేదు."

"అయితే సరే. ఒప్పుకున్నానని చెప్పు మీ వాళ్ళకి."

"నిజంగానా?"

"నిజంగానే. లే, లైటు వెయ్యి. చీకటి పడింది, నీ మొహం కనబడట్లేదు."

"వేస్తాను."

"వేస్తానంటూ కూర్చున్నావేం?"

"వేస్తానన్నానుగా అమ్మమ్మా."

"ఇదిగో తల్లీ... గోళ్ళు తియ్యడం ఎప్పుడో అయిపోయింది. అవన్నీ అంత గట్టిగా పట్టుకునే ఉంటే, నువ్వు నా చెయ్యి వదలవేమే?"