వెన్న లేని రొట్టె

బేకరీ వెనక ఇల్లు. వంటగదిలో బేకరీ ఆయన, ఆయన అక్క. సాయంత్రం నాలుగు గంటలు.

"పాలు వద్దు, పెరుగు వద్దు, వెన్న వద్దు, గుడ్డు వద్దు. మరి ఏం పెడతావురా ఆ పిల్లకి? గ్లాసుడు నీళ్ళా?"

"ఉండక్కా, రాసుకున్నాను. ఎర్రపప్పూ టమాటా వేసి సూపు. బంగాళాదుంపలు నూనెలో వేయించడం. రొట్టె."

"నీ రొట్టెలో పాలు పోస్తావుగా?"

"ఇవాళ పొయ్యలేదు. పిండి, నీళ్ళు, ఉప్పు, ఈస్టు, రెండు చెంచాల నూనె. అంతే. వేరే గిన్నెలో కలిపాను."

"ఈస్టుకి ప్రాణం ఉండదూ?"

"ఉంటుందేమో. అది పర్లేదట. కనుక్కున్నాను."

"ఎవర్ని?"

"మందుల షాపాయన్ని. వాళ్ళమ్మాయి కూడా ఇంతేనట."

"పొద్దున్నకి?"

"ఓట్స్ నీళ్ళలో ఉడికించి, అరటిపండు ముక్కలు, పైన వేయించిన వేరుశనగపప్పు. ఓ చెంచా తేనె వేద్దామనుకున్నా గానీ, తేనె కూడా తినరట."

"తేనె కూడానా! పువ్వుల్లోంచి వచ్చేదేగా?"

"తేనెటీగలు కూడబెట్టుకున్నదట. మనం లాక్కోకూడదట."

"బాగుంది. ఒక్క రాత్రి ఉండి పోయే పిల్లకి ఇంత హడావిడా? నేనొస్తే నిన్నటి బన్ను చేతిలో పెట్టి టీ పోస్తావు."

"నువ్వు పరాయిదానివా ఏంటక్కా."

"ఒరేయ్, ఆ బ్రష్షు ఇంకెన్నిసార్లు కడుగుతావు? వెంట్రుకలన్నీ ఊడొస్తున్నాయి."

"రొట్టె మీద గుడ్డుసొన పూసే బ్రష్షు ఇది. మూడుసార్లు కడిగా. ఇంకా నీచు వాసన వస్తోందా చూడు."

"సబ్బు వాసన."

"వద్దులే. పారేస్తా. ఏమీ పూయకుండానే కాలుస్తా. మెరవకపోతే మెరవకపోయింది."

"మరి రొట్టె అచ్చు?"

"కొత్తది. పొద్దున్నే కొన్నా. పాతవాటికి ముప్పై ఏళ్ళ వెన్న పట్టి ఉంటుంది."

"ఒరేయ్."

"ఊఁ."

"ఈ పనేదో నాలుగేళ్ళ కిందట చేసుంటే..."

"తెలుసక్కా."

"తెలుసు తెలుసంటావు. కన్నకూతురు గడప దాటి..."

"తెలుసన్నానుగా!"

"సరే, అరవకు. ఆ దుంపలిటు పడెయ్, చెక్కు తీస్తా. ఇంతకీ ఈ పిల్ల మన పిచ్చుకకి ఏమవుతుంది?"

"స్నేహితురాలు. ఇద్దరిదీ ఒకే చోట పని, పశువుల ఆసుపత్రిలో. ఒకే గదిలో ఉంటారు. పోయిన వారం ఫోన్ చేసింది. మీ ఊళ్ళో పనుంది, ఒక్క రాత్రి ఉండనిస్తారా, నంబరు మీ అమ్మాయే ఇచ్చింది అని."

"పిచ్చుకే ఇచ్చిందా?"

"తనే ఇచ్చిందట."

"అంటే కోపం తగ్గిందనా?"

"ఏమోనక్కా. నాలుగేళ్ళకి నా నంబరు ఒకళ్ళకి ఇచ్చింది. నాకు తెలిసింది అంతవరకే."

"నువ్వు తన సంగతి అడగలేదూ?"

"అడుగుదామనే లోపు ఫోన్ పెట్టేసింది."

"పెట్టేసిందా, నీకు నోరు పెగల్లేదా?"

"బెల్లు మోగినట్టుంది. వెళ్ళు, తలుపు తియ్యి. నా చేతుల నిండా పిండి."


అదే రోజు చీకటి పడే వేళ. భోజనాల బల్ల దగ్గర ఆ ఇద్దరూ, వచ్చిన అమ్మాయీ.

"తినమ్మా, చల్లారిపోతోంది."

"పర్లేదంకుల్. ఆకలిగా లేదు. దారిలో తిన్నాను."

"దారిలో నువ్వు తినేవి ఏం దొరుకుతాయే తల్లీ? ఆరు గంటలు బస్సులో కూర్చుని వచ్చావు. కాస్త సూపైనా తాగు."

"తర్వాత తాగుతాను ఆంటీ."

"పోనీ, మా పిచ్చుక ఎలా ఉందో అది చెప్పమ్మా."

"ఎవరంకుల్?"

"మా అమ్మాయే. చిన్నప్పుడు అలా పిలిచేవాణ్ణి. కంచంలో మెతుకు మెతుకూ ఏరుకుని తినేది."

"ఓ. నాకెప్పుడూ చెప్పలేదు. మీరెలా ఉన్నారో చూసి రమ్మంది."

"అలా అందా? నిజంగా అందా? చూశావా అక్కా! మరి తనెలా ఉందమ్మా?"

"సన్నబడింది."

"సరిగ్గా తినదా?"

"ఈమధ్య తక్కువే అంకుల్."

"అదిగో, నేనంటూనే ఉన్నా. పాలూ పెరుగూ మానేస్తే ఒంట్లో ఏం మిగులుతుంది..."

"అక్కా!"

"అందువల్ల కాదు ఆంటీ."

"మరెందువల్ల?"

"కాసిని మంచినీళ్ళిస్తారా?"

"ఇదిగో. అమ్మా, ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోకు. నీ సంచిలోంచి కనబడుతున్నది టిఫిన్ డబ్బాయేనా?"

"అదా... అవునంకుల్."

"భోజనం తెచ్చుకున్నావా?"

"ఊరికే. ఎందుకైనా మంచిదని."

"నాన్న ఇంట్లో ఏదీ తినకు, నీది నువ్వు పట్టుకెళ్ళు అని తనే చెప్పింది. అంతేనా?"

"అంకుల్, నేను..."

"కేకు సంగతి చెప్పిందన్నమాట."

"చెప్పింది."

"ఏ కేకు? ఏంటిరా అది? నాకు తెలీదే."

"నీకు చెప్పలేదక్కా. పిల్ల మొండికేసి వెళ్ళిపోయిందని చెప్పాను."

"అవును, అదే చెప్పావు."

"వదిలెయ్యండంకుల్. ఇప్పుడెందుకు?"

"లేదమ్మా, చెప్పనీ. ఆ రోజు తన పుట్టినరోజు. అప్పటికి ఏడాదిగా షాపులో ఒక్కటీ ముట్టట్లేదు. బేకరీవాడి కూతురు బేకరీలో ఏదీ తినదట అని జనం నవ్వుతుంటే నాకు ఒళ్ళు మండేది. ఆ పొద్దున వచ్చి, నాన్నా, నాకోసం వెన్నా గుడ్డూ లేకుండా ఒక్క కేకు చేస్తావా అనడిగింది. చేస్తానన్నాను."

"చెయ్యలేదా?"

"మామూలు కేకే చేశానక్కా. రెండు ముక్కలు తింది. ఎంత బాగుందో నాన్నా అని నా మెడ చుట్టూ చేతులేసింది. షాపులో పదిమంది ఉన్నారు. వాళ్ళందరి ముందూ పకపకా నవ్వాను. చూశారా, పావుకేజీ వెన్న, ఆరు గుడ్లు, కనిపెట్టలేకపోయింది అని."

"ఓరి దుర్మార్గుడా."

"వెనక్కెళ్ళి కక్కుకుంది. నోరు కడుక్కుని వచ్చి, రోజూ ఊడ్చినట్టే షాపు ఊడ్చింది. తర్వాత బట్టలు సర్దుకుంది. పోయేటప్పుడు ఒక్క మాటంది. ఇక నీ చేత్తో పెట్టింది ఎలా తినను నాన్నా అంది."

"నాలుగేళ్ళు! నాలుగేళ్ళపాటు దాన్నే తిట్టుకున్నాన్రా నేను! పొగరుబోతు పిల్ల, తల్లి లేదని గారాబం చేస్తే నెత్తికెక్కింది అని ఊరంతా చెప్పుకుని తిరిగాను. నాకొక్క మాట చెప్పుంటే నేనే వెళ్ళి తీసుకొచ్చేదాన్ని కదరా."

"అందుకే చెప్పలేదక్కా. నువ్వు వెళ్తే అది నిజం చెప్పేస్తుంది."

"అంకుల్, ఈ రొట్టెలో ఏమేం వేశారు?"

"ఆగమ్మా. నోటిమాట వద్దు. ఇదిగో పిండి సంచి, ఇది నూనె సీసా. అక్కా, ఆ ఈస్టు పొట్లం ఇటియ్యి. వెనకాల రాసినవన్నీ చదువుకో."

"అక్కర్లేదంకుల్..."

"అక్కర ఉంది. చదువు."

"పొద్దుతిరుగుడు నూనె. గోధుమపిండి. ఇది ఈస్టు."

"అచ్చు కూడా కొత్తది. ఇదిగో చూడు, షాపువాళ్ళ చీటీ ఇంకా దానికే ఉంది."

"చీటీ పీకకుండా పొయ్యిలో పెట్టావా? మాడి బొగ్గయింది కదరా!"

"కంగార్లో చూసుకోలేదక్కా."

"ముప్పై ఏళ్ళనించీ బేకరీ నడుపుతున్నాడమ్మా ఈయన."

"హమ్మయ్య, నవ్వింది. అమ్మా, నవ్వావు కదా, ఇప్పుడైనా..."

"ఒక ముక్క ఇవ్వండంకుల్."

"అంకుల్ ఏంటమ్మా, బాబాయ్ అను. ఇదిగో, అంచు ముక్క, కరకరలాడుతుంది. సూపులో ముంచుకో. ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది."

"నిజంగా?"

"నిజంగా బాబాయ్. ఇంకో ముక్క పెట్టండి."


మర్నాడు పొద్దున. వంటగదిలోనే ముగ్గురూ.

"పొద్దున్నే ఎక్కడికెళ్ళావమ్మా? ఓట్స్ గట్టిపడిపోయాయి. నీళ్ళు పోసి మళ్ళీ కలుపుతున్నా."

"వీధి చివరికెళ్ళి ఫోన్ చేసుకొచ్చాను బాబాయ్."

"ఇంట్లో చేసుకోవచ్చుగా."

"మీ అమ్మాయితో మాట్లాడాను."

"తనతోనా? ఇప్పుడా?"

"కూర్చోండి బాబాయ్. మీకొక అబద్ధం చెప్పాను. ఈ ఊళ్ళో నాకే పనీ లేదు. తనే పంపింది. ఒక రాత్రి ఉండి చూడు, నాన్న ఏం పెడతాడో, ఎలా పెడతాడో చూసి నాకు నిజం చెప్పు అంది."

"నన్ను... పరీక్ష పెట్టిందా?"

"తప్పా ఏం? పెట్టదూ మరి? నువ్వు నోరు మూసుకుని వినరా. అమ్మా, ఏం చెప్పావు?"

"చూసిందంతా చెప్పాను ఆంటీ. పిండి సంచి చదివించడం, కొత్త అచ్చు కొనడం, మీకు కేకు సంగతి చెప్పేసుకోవడం, అన్నీ. అంతా విని, వస్తానంది."

"ఏమందీ?"

"ఇంటికొస్తానంది బాబాయ్. శనివారం. నేనే కారులో తీసుకొస్తాను. బస్సులో అంతసేపు కూర్చోలేదు."

"బస్సు పడదమ్మా దానికి, చిన్నప్పట్నించీ అంతే. అక్కా, విన్నావా? వస్తుందట! శనివారమంటే ఎన్నాళ్ళూ, నాలుగు రోజులే! పై గది కడిగించాలి."

"పై గది వద్దు బాబాయ్. మెట్లు లేని గది ఏదైనా..."

"కింద గదే ఇస్తా. పొయ్యి పక్కనే, వెచ్చగా ఉంటుంది. అయ్యో, ఆ దిండులో ఈకలున్నాయక్కా! తీసెయ్యాలి. దూది దిండు కుట్టించు."

"కుట్టిస్తాలేరా. కాస్త ఆగు. ఆ పిల్ల ఏదో చెప్పబోతోంది."

"చెప్తుందిలే. ఉంటుందా అమ్మా? రెండు రోజులుండి పోవడం కాదు కదా? ఉంటానందా?"

"ఉంటానంది. ఇక ఇక్కడే ఉంటానంది."

"ఇక్కడే! అక్కా, ఏడుస్తావేంటి, నువ్వు కూడా! చూడమ్మా, రేపట్నించీ షాపులో ఒక పొయ్యి తన వంటకే. దాంట్లో వెన్న మాటే ఉండదు. ఓట్స్ బస్తా తెప్పిస్తా. చిక్కుడుగింజలు, శనగలు, ఎర్రపప్పు, అన్నీ ఏడాదికి సరిపడా ఒక్కసారే దింపిస్తా. సామానుకొట్టు ఖాళీ చేస్తే రెండు బస్తాలు ఇట్టే పడతాయి."

"వద్దు బాబాయ్."

"ఎందుకు, పురుగు పడుతుందనా? ఎండబెడతానమ్మా. నాకు తెలీదా."

"పురుగు గురించి కాదు. అంత అవసరం పడదు."

"ఎంతకని తెమ్మంటావు మరి?"

"నెల రోజులకి తెండి బాబాయ్, చాలు. ఆసుపత్రిలో డాక్టర్లు, ఇక ఇంటికి తీసుకెళ్ళమంటూ, తనకి అంతే గడువు చెప్పారు."