‘చ’ లేని భాషలో మొదటి సంవత్సరం

సభాధ్యక్షులు, మా కరస్పాండెంట్ నరసింగరావు గారికి, నా గురించి నేనే నమ్మలేనంత మంచిగా మాట్లాడి ఇప్పుడు నేను ఏం బయటపెడతానో అని కాస్త సర్దుకుని కూర్చున్నందుకు, ప్రత్యేక నమస్కారం. ఈ రిటైర్మెంటు శాలువా కప్పుతూ కళ్లు తుడుచుకోవడానికి అదే శాలువా కొస వాడుకున్న మా హెడ్మిస్ట్రెస్ అనూరాధ గారికి, తోటి ఉపాధ్యాయులకి, పెద్దలకి, తల్లిదండ్రులకి, పిల్లలకి, ముందు వరసలో కూర్చుని కొత్తవలస బండి వేళ కోసం ఇప్పుడే వాచీ చూసుకున్న మా ఆయన హరిబాబు గారికి, అందరికీ బోంజూర్.

(వెనక నుంచి ఒక గొంతు. నవ్వులు.)

విన్నారా? సాయంత్రమైంది కాబట్టి ‘బోంస్వార్’ అనాలట. తొమ్మిదో తరగతి అమ్మాయి నన్ను సరిదిద్దింది. అనూరాధ గారూ, నా సర్వీసు రిజిస్టరులో ఇంతకంటే గొప్ప మాట ఎక్కడా రాసి ఉండదు. ఇక్కడితో ఆపేసి కూర్చోవచ్చు కూడా, కానీ మైకు చేతికొచ్చిన టీచరు కూర్చోవడం మీరెప్పుడైనా చూశారా?

నేను యానాంలో పుట్టాను. మా చిన్నప్పటికే ఫ్రెంచి వాళ్లు వెళ్లిపోయి చాలా ఏళ్లయింది గానీ, వాళ్ల భాష మాత్రం బడిలో ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చునే ఉంది. అక్కడ నేర్చుకుని, పుదుచ్చేరిలో చదివి, రైల్వే గార్డుని పెళ్లి చేసుకుని కొత్తవలస వచ్చిపడ్డాను. విజయనగరంలో ఈ బడికి ఇంగ్లీషు చెప్పడానికి చేరాను. పదిహేనేళ్ల కిందట ఒక రోజు ధైర్యం చేసి, తొమ్మిదో తరగతి పిల్లలకి ఫ్రెంచి కూడా మొదలుపెడతానని నరసింగరావు గారిని అడిగాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన కళ్లజోడు తీశారంటే ఊరి మాట బయటికి వస్తుందని మా స్టాఫ్ రూములో అందరికీ తెలుసు.

“ఫ్రెంచి ఏటికమ్మా? మనోళ్లు ఇంగ్లీషుకే నాలిక మడతెట్టలేక సస్తన్నారు. మళ్లీ ఇదేటి?” అన్నారు.

(నవ్వులు. నరసింగరావు గారు చేతులు జోడించారు.)

అన్నారా లేదా సార్? అన్నారు. అని, వెంటనే జాలిపడి ఒక సంవత్సరం ఇచ్చారు. షరతు ఒకటే. ఏడాది చివర తల్లిదండ్రుల సభలో పిల్లలు ఏం నేర్చుకున్నారో స్టేజీ మీద చూపించాలి. వాళ్లకి నచ్చితే క్లాసు ఉంటుంది, లేకపోతే నేను బుద్ధిగా ఇంగ్లీషు వ్యాకరణానికి తిరిగి వెళ్లాలి.

మొదటి రోజు క్లాసులో పదిమంది కూడా లేరు. సగం మంది క్రాఫ్టు పీరియడు తప్పించుకోవడానికి వచ్చిన వాళ్లు. ఏడాది చివరికి వాళ్లకి ఏం రావాలో బోర్డు మీద తెలుగులోనే రాశాను. ఎదుటి మనిషిని మర్యాదగా పలకరించగలగాలి. తమ పేరు, ఊరు, ఇంట్లో వాళ్ల సంగతి చెప్పగలగాలి. బజారులో కావలసినది అడిగి కొనుక్కోగలగాలి. దారి తప్పితే దారి కనుక్కోగలగాలి. అర్థం కాకపోతే, ‘అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి’ అని సిగ్గుపడకుండా అనగలగాలి. అంతే. కవిత్వం రాయమనలేదు, నవలలు చదవమనలేదు. బాబీ అని ఒక కుర్రాడు వెంటనే చెయ్యెత్తాడు.

“దారి తప్పితే అరకు పోతాం గానీ, ఫ్రాన్సు ఎలా పోతాం మేడమ్?”

కిరండూల్ బండి ఎక్కి కూర్చుంటే అరకు వెళ్లడానికి దారి తప్పనక్కర్లేదని మా వారి తరఫున జవాబు చెప్పి, బోర్డు మీద వాటి కిందే మరో రెండు మాటలు రాశాను. ప్రతి ఒక్కరూ రోజూ ఒక్క మాటైనా పైకి అనాలి. ఈ గదిలో ఎవరు ఎలా పలికినా ఎవరూ నవ్వకూడదు.

ఆ రెండో మాట పాటించడం ఎంత కష్టమో పాటించిన వాళ్లకే తెలుసు. ఫ్రెంచిలో ‘ర’ గొంతు లోపల నుంచి రావాలి. బాబీ దాన్ని పలుకుతుంటే పక్క గది లెక్కల మాస్టారు మంచినీళ్ల గ్లాసు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. అయినా మేం నవ్వలేదు. ఆయన వెళ్లాక కూడా నవ్వలేదు. నా పక్కటెముకలు ఇప్పటికీ గుర్తుపెట్టుకున్నాయి.

(నవ్వులు.)

ఆ క్లాసులోనే దుర్గ ఉండేది. భోగాపురం అవతల సముద్రపు ఊరి పిల్ల. తండ్రి వేటకి వెళ్తాడు. తల్లి గున్నమ్మ చేపలు తెచ్చి ఇక్కడి బజారులో అమ్ముతుంది. పిల్ల ఇక్కడ మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేది. రాతలో అందరికంటే ముందు. నోరు మాత్రం తెరవదు. రోజూ ఒక్క మాట అనాలన్నాను కదా, ఆ ఒక్క మాట కోసం నేను ఆమె బల్ల ముందు నిలబడితే, ఆ పిల్ల నా చెప్పుల వైపు చూస్తూ నిలబడేది. వారాలు గడిచాయి. ఒక రోజు బడి అయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. తల వంచుకునే చెప్పింది. అంతకు ముందు చదివిన బడిలో ఒక మాస్టారు ఆమెను లేపి ‘చేప’ అనమన్నాడట. ఆమె ‘సేప’ అందట. మళ్లీ అనమన్నాడట. క్లాసంతా నవ్వేదాకా అనిపించాడట. చేపల ఇంట్లో పుట్టిన పిల్ల ఆ తర్వాత బడిలో ఆ మాటే కాదు, ఏ మాటా అనడం మానేసింది.

ఓదార్పు నాకు సరిగా చేతకాదు. తెలిసింది చెప్పాను. “దుర్గా, ఫ్రెంచి వాళ్ల సొంత మాటల్లో మన ‘చ’ లేదు. వాళ్లు సి, హెచ్ రాసినా ‘ష’ అనే పలుకుతారు” అన్నాను.

ఆ పిల్ల తల ఎత్తింది.

“ఆళ్లకీ రాదా మేడమ్?”

“రాదు.”

“మరి ఆళ్లనెవులూ నవ్వరా?”

“నవ్వరు. వాళ్ల మాటే డబ్బులిచ్చి నేర్చుకుంటారు.”

(చప్పట్లు.)

ఉండండి, చప్పట్లు అప్పుడే కొట్టకండి, అసలు గండం ముందుంది. చేపని ఫ్రెంచిలో ‘పువసోఁ’ అంటారు. అందులో ‘స’ కాస్త జారి ‘జ’ అయితే విషం అని అర్థం. క్లాసులో అందరూ విషం తింటుంటే, ‘స’ని స్పష్టంగా పలికింది దుర్గ ఒక్కతే. అప్పటినుంచి చేప అన్న మాట వస్తే క్లాసంతా ఆమె వైపు తిరిగేది, ఎలా పలకాలో వినడానికి.

ఏడాది చివర సభ ఇదే హాల్లో జరిగింది. మాది బజారు నాటకం. అట్టతో చేసిన చేపలు, ఒక బల్ల. దుర్గ దుకాణంలో నిలబడాలి. బాబీ టోపీ పెట్టుకుని వచ్చి చేప అడగాలి. దుర్గకి ఒక్క మాటే ఇచ్చాను, అంతకంటే ఇస్తే ఒప్పుకోలేదు. బాబీ దర్జాగా నడిచొచ్చి, నాలుక జారి, విషం కావాలన్నాడు. అన్నది ఏమిటో వాడికే తెలిసి బిగుసుకుపోయాడు. దుర్గ కూడా బిగుసుకుపోయింది. నరసింగరావు గారు కళ్లజోడు తీశారు. తెర లాగమని నేను చెయ్యెత్తబోతున్నాను.

మూడో వరసలోంచి గున్నమ్మ లేచింది.

“ఒసే దుర్గా! బేరం ఎల్లిపోతంటే అలా సూస్తావేటే? కేకెయ్యి!”

ఆ పిల్లకి ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు. నడుము మీద చెయ్యి పెట్టింది. అచ్చం అమ్మ బజారులో పిలిచినట్టు, ఆ సాగదీతతోనే, “మొస్యూ! పువసోఁ ఫ్రే! త్రే ఫ్రే!” అని కేక వేసింది. హాలు కిటికీలు అదిరాయి.

“ఏటంతన్నావే?” అని తల్లి కింద నుంచి.

“తాజా సేపంతన్నానమ్మా!”

“అయితే మొప్ప ఎత్తి సూపించు!”

అట్ట చేపకి మొప్ప ఎక్కడిది? అయినా దుర్గ వేలితో ఎత్తినట్టు ఎత్తి, “రెగార్దే, మొస్యూ!” అంది, చూడండి బాబూ అని. బాబీ వంగి చూశాడు. ముక్కు మూసుకున్నాడు. దుర్గ కోప్పడింది. ఆ తర్వాత నేను రాయని నాటకం నడిచింది. పేరు అడిగింది, ఊరు అడిగింది, వాడు తప్పు చెప్పినప్పుడల్లా ‘మళ్లీ చెప్పండి’ అంది. నేను బోర్డు మీద రాసినవన్నీ ఆ బల్ల ముందే జరిగిపోయాయి. చివరికి నరసింగరావు గారు ఉండబట్టలేక స్టేజీ ఎక్కి, చేప ఎంత అని అడిగారు.

“ఫ్రెంచిలో అడగాలి సార్” అంది దుర్గ. ‘సే కోంబ్యాఁ’ అనమని నేర్పింది. సార్ అన్నారు. ఏదో అన్నారు. అది ఏ భాషో నేను ఈ రోజుకీ పోల్చుకోలేదు.

(పెద్దగా నవ్వులు.)

జనం నవ్వబోతుంటే దుర్గ అందరి వైపు తిరిగి చెయ్యెత్తింది. “ఎవులూ నవ్వకండి. సార్ నేర్సుకుంతన్నారు.”

ఇప్పుడు కొట్టండి చప్పట్లు.

(చప్పట్లు.)

ఆ రోజు నుంచి క్లాసు ఆగలేదు. దుర్గ ఇప్పుడు విశాఖలో నర్సు. ఈ రోజు డ్యూటీ వల్ల రాలేకపోయింది, పొద్దున్న ఫోను చేసింది. ఫ్రెంచి ఎంత గుర్తుందని అడిగాను, టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది. “ఫ్రెంచి మరిసిపోనాను మేడమ్. మాటాడ్డం మరిసిపోనేదు” అంది. రాత్రిళ్లు నొప్పితో భయపడే ముసలివాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల మాటలోనే మాట్లాడుతుందట. నేను బోర్డు మీద ఎన్నో రాశాను గానీ, ఇది రాయాలని తోచలేదు.

ఇక మర్యాదలు పక్కన పెడతాను. నరసింగరావు గారూ, పోయిన నెల మీరు నాతో, “మీతోపాటు ఆ క్లాసూ రిటైరయిపోద్దేమో” అన్నారు. నవ్వుతూనే అన్నారు. నేనూ నవ్వాను. ఆ రాత్రి మాత్రం నాకు అన్నం సహించలేదు, మా వారు సాక్షి. అదిగో, అక్కడ స్తంభం పక్కన దాక్కున్న అమ్మాయి హేమ. మన బడిలోనే ఫ్రెంచి మొదలుపెట్టి, పుదుచ్చేరిలో డిగ్రీ చేసి వచ్చింది. నేను జ్వరంతో పడుకున్నప్పుడు నా క్లాసు తీసుకుంది. నేను తిరిగి వచ్చేసరికి పిల్లలు నన్ను చూసి కొంచెం నిరాశపడ్డారు. అంతకంటే అర్హత ఏం కావాలి? క్లాసు ఉంచండి సార్.

(నరసింగరావు గారు తల ఊపారు.)

తల ఊపితే మైకులో వినబడదండీ.

(నవ్వులు. నరసింగరావు గారు లేచి మైకు అందుకుని, “ఉంటాదమ్మా, కిలాసు ఉంటాది. హేమనే రమ్మందాం. ఇంక నన్నొగ్గీ తల్లీ!” అన్నారు. చాలాసేపు చప్పట్లు.)

మెర్సీ, సార్. మనస్ఫూర్తిగా మెర్సీ. హేమా, స్తంభం వదిలి ముందుకు రామ్మా, నీ పిల్లలు నిన్ను చూడాలి.

నన్ను భరించిన అనూరాధ గారికి, గోడ అవతల మా గొంతులు భరించిన లెక్కల మాస్టారికి, ఇన్నేళ్లూ ఇంట్లో ఒక్క ఫ్రెంచి మాటా నేర్చుకోకుండా నా గర్వాన్ని అదుపులో ఉంచిన హరిబాబు గారికి, నన్ను రోజూ సరిదిద్దిన పిల్లలందరికీ కృతజ్ఞతలు.

ఫ్రెంచి వాళ్లు విడిపోయేటప్పుడు ‘ఓ ర్‌వ్వార్’ అంటారు. మళ్లీ చూసుకునేదాకా అని. ఈ ఊరి పిల్లలకి నేను అర్థం చెప్పనక్కర్లేకుండా పోయిన మాట అదొక్కటే. పోతున్న మనిషి ‘పోతాను’ అనకూడదని వాళ్లకి ఇంట్లోనే తెలుసు. యానాం నుంచి పరాయిదానిలా వచ్చాను. మీ మాటలోనే సెలవు తీసుకుంటున్నాను. ఎవరూ నవ్వకండి, నేర్చుకుంటున్నాను.

ఎల్లొస్తానండి.