ఎనభై రెండు కిలోలు

హలో… ఆ, నేనే చెల్లెమ్మా. గ్యారేజీలోనే ఉన్నా. కారెలా ఉంది?…

పక్కకి లాగుతోందా? ఎప్పుడూనా, బ్రేకేస్తేనేనా?… బ్రేకేస్తేనే. ఊఁ.

కంగారు పడకు. పదహారేళ్ల బండికి కొత్త కాయిలోవర్లు, అదే స్ప్రింగూ షాకూ కలిసుండేవి, బిగించాం. కొత్త చెప్పులు నాలుగు రోజులు కరవవూ?…

లేదమ్మా, మీ అన్నయ్య కొన్న కిట్టులో లోపం లేదు. వాడు నాకు రెండు రకాలు చూపించాడు. ఒకదాంట్లో బండి ఎత్తొక్కటే మారుతుంది. రెండోదానికి పైన నాబ్ ఉంటుంది, తిప్పితే మెత్తగానో గట్టిగానో అవుతుంది. మొదటిది చాల్లేరా అన్నా. "చెల్లిది నడుం నొప్పి, మెత్తగా ఉండాలి" అన్నాడు…

ఆ, నీ కోసమే… నీకు చెప్పలేదా?… ఏడవకు. ఏడవకమ్మా.

ఒక పని చెయ్యి. అమ్మ పక్కనే ఉందా?… అమ్మకి కొలిచే టేపివ్వు. నువ్వు డ్రైవర్ సీట్లోంచి దిగకు. ముందు చక్రం నడిమధ్య నుంచి పైన రేకు అంచు దాకా కొలవమను. నీ వైపు… ఆ… ఇప్పుడు అటువైపు…

మళ్లీ చెప్పు?… నీ వైపు అర సెంటీమీటరు ఎక్కువా?

అయ్యో… కాదు, అమ్మ సరిగానే కొలిచింది. తప్పు నాది.

ఎలా చెప్పను… ఎత్తు సరిచేసేటప్పుడు సీటు ఖాళీగా ఉండకూడదు. నడిపే మనిషి బరువెంతో అంత ఇసుక, బస్తాల్లో పోసి సీట్లో పెట్టాలి. అప్పుడు స్ప్రింగుల కింది రింగులు తిప్పాలి. పెట్టాను. నాలుగు బస్తాలు. దొర్లకుండా బెల్టు కూడా…

నీ బరువు కాదు. వాడిది. ఎనభై రెండు.

తెలుసు… వాడు పోయాడని నాకు తెలీదా? కిట్టు తెచ్చిన రోజు ఇక్కడే తూకం మీద నిలబడ్డాడు. గోడ మీద సుద్దతో రాశాను, ఇంకా అలాగే ఉంది. దాన్ని చూసి చెయ్యి తన పని తాను చేసుకుపోయింది… "కదలకురా" అని కూడా అన్నాను, బస్తాలతో. వెనక నుంచి చూస్తే అచ్చం వాడే కూర్చున్నట్టుంది. రెండు గంటలు పనిచేశానమ్మా. ఒక్కసారీ ఎదురుగా వెళ్లి చూడలేదు.

అలాగే ఉంచెయ్యమంటావా?… వద్దు! తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకేస్తే జారుతుంది. వాడి వెనకే నిన్నూ పంపమంటావా?

ఏంటి?… ఎనభై రెండు కాదా?… మరి చివర్లో ఎంత?…

యాభై నాలుగా.

…నేను రాలేదు కదా, చూడ్డానికి. ఆర్నెల్లు. వాడు ఫోన్ చేసినప్పుడల్లా "వచ్చే వారం బిగిద్దాంరా" అనేవాణ్ణి. పనులుండి కాదు. మంచంలో వాణ్ణి చూడాలంటే భయం. అందుకే నా దగ్గర వాడింకా ఎనభై రెండే.

తిట్టమ్మా. పడతాను… తిట్టవేం?

సరే… నీ బరువు చెప్పు. మళ్లీ సెట్ చెయ్యాలిగా…

…

ఆ, ఉన్నా. లైన్లోనే ఉన్నా. నీదీ యాభై నాలుగే అన్నావు కదూ. విన్నాను.

రేపు పదింటికి తీసుకురా. మెల్లగా రా. బస్తాలొద్దు, నువ్వే కూర్చో… ఆ, నేనే తిప్పుతాను. ఈసారి ఎదురుగా వచ్చి చూస్తాను.

ఉంటా మరి… లేదు, నా వల్ల కాదు. ఫోన్ నువ్వే పెట్టెయ్—