పెళ్లికొడుకు పాట

సముద్రానికి అటు అక్క, ఇటు తమ్ముడు. ఇద్దరిదీ కప్పల ల్యాబులో పనే. ఆ జాతిలో మిగిలిన ఒక్క ఆడకప్ప అక్క దగ్గర, ఒక్క మగకప్ప తమ్ముడి దగ్గర ఉన్నాయి. వాటిని పెళ్లికూతురు, పెళ్లికొడుకు అనే అంటారు.

"అది కాదురా, ముందు నన్ను చెప్పనివ్వు."

"ఆగక్కా, తొట్టి కడుగుతున్నా. తర్వాత ఫోన్ చేస్తా."

"ఇప్పుడు తొట్టి కడగడమేంటి? మరి పెళ్లికొడుకుని ఎక్కడ పెట్టావ్?"

"పక్కన పెట్టా."

"పక్కనంటే?"

"పక్కనే అక్కా. నువ్వు తిన్నావా?"

"నా తిండి సంగతి తర్వాత. ఏదీ, వాడి గొంతు ఒకసారి వినిపించు. నిన్న ఫోన్లో ఎంత బాగా పాడాడో! మా పెళ్లికూతురు స్పీకరుకి అతుక్కుపోయింది, తెలుసా?"

"నిన్నటిది... పాత రికార్డు అక్కా."

"పాతదా? ఎందుకు? ఒరేయ్, ఎందుకురా?"

"మొన్న పోయాడక్కా. నా అరచేతిలోనే."

"అయ్యో! నాకెందుకు చెప్పలేదురా?"

"నోరు రాలేదు."

"సరే... ఏడవకు. ఏడవకురా, విను. వాడు పోయినా వీర్యకణాలు కొన్నాళ్లు బతికే ఉంటాయి. తీసి, మందు కలిపి ద్రవ నైట్రోజన్‌లో దాచుకోవచ్చు. ఫ్రిజ్‌లో కింది అరలోనే పెట్టావుగా?"

"పైన."

"పైనంటే... ఐసు పెట్టే దాంట్లోనా?"

"కుళ్లిపోతాడేమోనని భయమేసిందక్కా. ఇప్పుడు చూస్తే రాయిలా ఉన్నాడు."

"మందు కలపకుండా అలా గడ్డకడితే కణాలన్నీ పగిలిపోతాయిరా! కొత్తవాళ్లకి ఈ మాట నేర్పేది నువ్వేగా!"

"నేనే. నేనే నేర్పేది. ఆ పూట బుర్ర పనిచేయలేదు. కాళ్లు సర్ది, నా చేతిరుమాల్లో చుట్టి, పైన పెట్టేశా. పెట్టి తలుపు మూశా. అంతే. తిట్టక్కా. తిట్టు."

"ఏమని తిట్టను? బతికుండగానే సూది వేసి వీర్యం తీద్దామని నువ్వన్నావ్. ముసలాడు తట్టుకోలేడు, ఆడది సిద్ధమయ్యాక చూద్దాంలే అన్నది నేను."

"పోనీలే అక్కా. ఇన్నేళ్లలో అది ఎప్పుడు సిద్ధమైంది గనక! వాడుండీ ఏం లాభం?"

"..."

"అక్కా? ఇంతకీ ఏదో చెప్తానన్నావ్?"

"ఏం లేదురా."

"చెప్పక్కా."

"పొద్దున స్కాన్ చేశాం. పెళ్లికూతురి కడుపు నిండా గుడ్లేరా."