రాజలింగం గారి ఎనిమిదో రేకు

1989 జూలై 3, సోమవారం ఉదయం పది గంటలకు శ్రీ గడ్డం రాజలింగం గారు మన విశ్వవిద్యాలయ దృశ్య శ్రవణ విభాగంలో చిత్రకారులుగా విధుల్లో చేరారు. సర్వీసు రిజిస్టరు తిరగేస్తే ఈ తేదీ దొరకదు. అందులో ఆయన 2002లో పుట్టుకొచ్చినట్టుంటుంది. రోజుకూలీగా పదమూడేళ్లు చేసిన చాకిరీకి ఆ పుస్తకంలో ఒక్క గీత కూడా లేదు గనుక, కనీసం ఈ అభినందన సంచికలోనైనా అసలు తేదీ ఉండాలి. ఆయన జీవితంలో ఆ తేదీ మోసిన బరువు అంతా ఇంతా కాదు.

అదే రోజు, అదే పది గంటలకు, ఆయన రైల్వే వర్క్‌షాపులో కలాసీ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు హాజరు కావలసి ఉంది. దరఖాస్తు పెట్టించింది అక్క బుచ్చవ్వ గారు. తల్లి పోయాక తమ్ముణ్ణి వెంటబెట్టుకుని పట్నం వచ్చి, మాణికేశ్వర్ నగర్‌లో ఒంటిగది తీసుకుని, ఆడపిల్లల హాస్టల్ మెస్సులో బియ్యం చెరిగి ఆయన్ను పెంచిన మహానుభావురాలు ఆమె. ఆ గది ముందు రోజూ పొద్దున ఎనిమిది రేకుల ముగ్గు వేసేవారు. ఏడు రేకులు మూసి, ఎనిమిదోదాన్ని తెరిచి వదిలేవారు. సాయంత్రం తమ్ముడు గడప తొక్కాక, చిటికెడు పిండి తెచ్చి దాన్నీ మూసేవారు. "ఇంటోడు బయట ఉండంగ ముగ్గెట్ల మూస్తర్రా?" అనేవారు. తల్లి దగ్గర నేర్చుకున్న అలవాటు. ఆ వాడలో మరే ఇంట్లోనూ లేదు.

ఆనాటి సాయంత్రం చేతులకు రంగుతో ఇల్లు చేరేసరికి, ఆమె ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉన్నారు.

"పోయినవా ఇంటర్వ్యూకు?"

"పోలే అక్కా. యూనివర్సిటీల బొమ్మలేసే పని దొరికింది."

"పర్మనెంటా?"

"రోజుకూలి."

"అయితే ఆ బొమ్మలే ఇంత కూడు పెట్టనీ నీకు."

పెట్టె నెత్తికెత్తుకుని వారాసిగూడలోని చిన్నమ్మ ఇంటికి వెళ్లిపోయారు. వాకిట్లో ఎనిమిదో రేకు తెరిచే ఉండిపోయింది. దాన్ని మూసే చెయ్యి లేదు.

నడిస్తే అరగంట దూరం. రాజలింగం గారు మూడుసార్లు వెళ్లారు. మూడోసారి అక్క తలుపు వెనక నుంచి "ఎవలు?" అన్నారు. "నేనే అక్కా" అన్నారు ఈయన. "నేనంటె ఎవలు?" అని మళ్లీ లోపలి నుంచి. గడప దగ్గర నుంచే తిరిగొచ్చిన మనిషి, తొమ్మిదేళ్లు ఆ వీధిలో కాలు పెట్టలేదు. కానీ ఆ తొమ్మిదేళ్లూ వారాసిగూడ బస్సు తార్నాక చౌరస్తాలో ఆగిన ప్రతిసారీ, దిగేవారి ముఖాలన్నీ చూశాకే ముందుకు కదిలేవారు.

ఆ కాలంలోనే మన విభాగానికి ఆయన చేసిన సేవ చెప్పనలవి కాదు. గుండె కవాటాల నుంచి ఉపగ్రహాల దాకా, మన పాఠ్య చిత్రాలకు కావలసిన బొమ్మలన్నీ ఆ ఒక్క చేతి మీదుగానే వచ్చాయి. మంచి కుర్చీ కూడా ఇవ్వలేదు. రంగు డబ్బా బోర్లించుకుని కూర్చునేవారు. అడగలేదు కాబట్టి ఇవ్వలేదన్నారు. అడిగితే ఇచ్చేవారా ఏమిటి!

1998లో మన విభాగం ఒక టీవీ చానల్ కోసం 'నలభయ్యో గది' అనే ఇరవై ఆరు వారాల హాస్టల్ నాటకం తీసింది. పేర్లు పడే నిమిషంసేపటి బొమ్మల వరుసంతా రాజలింగం గారే అట్టల మీద వేశారు. గేటు, మెట్ల మీద చెప్పులు, ముళ్లు లేని గడియారం, చివరికి గది తలుపు, దాని ముందు ముగ్గు. వరుస పొడవునా ఎందరి పేర్లో నడిచాయి. రోజుకూలీ గనుక ఆయన పేరు మాత్రం లేదు.

ఆ బొమ్మల్లో నిగూఢార్థాలు వెతకడం ఆ ఏడు ఊరికి ఒక వ్యసనమైంది. నల్లకుంట నుంచి బుచ్చిబాబు గారనే రిటైర్డ్ లెక్చరర్ మూడు పేజీల ఉత్తరం రాశారు. ముళ్లు లేని గడియారం నిరుద్యోగ యువత స్తంభించిన కాలమనీ, ఒక రేకు తెరిచిన ముగ్గు నెరవేరని సామాజిక స్వప్నమనీ వారి వ్యాఖ్యానం. మన ఉద్యోగ సంఘం కార్యదర్శి చంద్రయ్య గారు దాన్ని క్యాంటీన్‌లో గట్టిగా చదివి వినిపించారు.

"ఏంది లింగన్నా, గింత లోతున్నదా నీ గడియారంల?"

"లోతు లేదు, పాడు లేదు. ముళ్లు కాయితంతోని కత్తిరిచ్చి అతికిచ్చిన. లైట్ల వేడికి ఊడిపడ్డయ్."

"మరి ముగ్గు?"

ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టి పనికి లేచారు. ఆ ముగ్గుకున్న అర్థం ఈ ఊరిలో ఒక్క మనిషికి తెలియాలి. ఆమె ఏ ఇంట్లోనో, ఏ టీవీ ముందో కూర్చుని ఉంటారన్న ఆశతోనే ఆ రేకు తెరిచి ఉంచారు. పదమూడు వారాలు గడిచాయి. ఒక్కరూ రాలేదు.

వచ్చింది మెమో. టీవీలో సగం ముగ్గు అశుభమని ఎవరో ఫిర్యాదు చేశారట. విధి నిర్వహణలో నిర్లక్ష్యం, ముగ్గులో ఒక రేకు లేదు, మూడు రోజుల్లో సంజాయిషీ. రాజలింగం గారి కొలువు ఖాయం చేసే ఫైలు కూడా ఆ మెమో ఇచ్చిన అధికారి బల్ల మీదే ఉంది. ఆ అధికారి పేరు ఇక్కడ రాయడం లేదు. రాయదగిన పేరు కాదు.

"కళ అని రాసి పారెయ్, మేం చూసుకుంటం" అన్నారు చంద్రయ్య గారు.

"కళ కాదు అన్నా. అబద్ధమెట్ల రాయాలె?"

నిజం రాస్తే అక్క సంగతి ఆఫీసు ఫైలుకెక్కుతుంది. నలుగురూ తలా ఒక ముక్క రాసి కింద సంతకాలు పెడతారు. అది ఆయనకు చావుతో సమానం. రేకు మూయడం ఐదు నిమిషాల పని. కుంచె పట్టుకుని ఆ పూటంతా కూర్చున్నారు. చివరికి మూశారు.

పద్నాలుగో వారం నాటకం ఆదివారం ప్రసారమైంది. సోమవారం పొద్దున, మాణికేశ్వర్ నగర్ గది ముందు, నెత్తిన ట్రంకుపెట్టెతో బుచ్చవ్వ గారు నిలబడి ఉన్నారు.

"ఎవల్ని అడిగి మూసినవ్ రా? నేనింక బయటనే ఉన్న గదా!"

రాజలింగం గారు, "ఆఫీసోళ్లు మూయమన్నరక్కా" అన్నారు. "అంటే… పదమూడు వారాలు చూసినవా?"

"చూసిన. పక్కింట్ల."

"మరి రాకపోతివి?"

"తెరిచే ఉన్నది గదా, ఎప్పుడన్న పోవచ్చులె అని ఊకున్న. నిన్న మూసేసరికి పానం ఉండవట్టలే. పెట్టె దించు, మెడలిరుగుతున్నయ్!"

ఆ తరువాతి సంగతులు మీరెరిగినవే. చంద్రయ్య గారి నాయకత్వంలో ముప్పై నాలుగు రోజుల ధర్నా అనంతరం 2002లో ఆయన కొలువు ఖాయమైంది. కుంచె నుంచి కంప్యూటరుకు మారినప్పుడు, తమ వయసులో సగం ఉన్న వారి పక్కన కూర్చుని, సంకోచం లేకుండా నేర్చుకున్నారు. వివాహానంతరం తార్నాకలో ఇల్లు తీసుకున్నారు. ఆ వాకిట్లో బుచ్చవ్వ గారు పొద్దున తెరిచిన రేకును సాయంత్రం మూస్తూ 2019 దాకా ఉన్నారు. ఆమె పోయాక ఆ ముగ్గు ఆయనే వేస్తున్నారు. సాయంత్రం మూయడం మాత్రం లేదు.

గత నెలలో, పాత టేపులను కంప్యూటరులోకి ఎక్కిస్తున్న సింధూజ దగ్గరికి ఆయన వచ్చి, 'నలభయ్యో గది' మొదటి వారం బొమ్మలు ఒక్కసారి చూపమన్నారు. అక్క చూసిన ఆ తెరిచిన రేకును తానూ చూడాలన్నది ముప్పై ఆరేళ్ల సర్వీసులో ఆయన కోరిన మొదటి కోరిక. మొదటి పదమూడు వారాల టేపులు లేవు. టేపుల కొరత పేరు చెప్పి, వాటి మీద ఎవరెవరివో ఉపన్యాసాలు రికార్డు చేశారు. మిగిలినవి పద్నాలుగో వారం నుంచే.

"సార్, ఇందుల ఆ రేకు నేను తీసేస్త. రెండు నిమిషాలు. మునుపటి లెక్కనే అయితది" అంది సింధూజ.

రాజలింగం గారు తెర మీది మూసిన ముగ్గును చాలాసేపు చూశారు. ఇన్నేళ్లుగా ఎవరి కోసం రేకు తెరిచి ఉంచుతున్నారో ఆ మనిషి తెర అవతల నిలబడినట్టే చూశారు.

"వద్దు బిడ్డా. మూసింది మూసినట్టే ఉండనీ. తెరిచినదాన్ని చూసి రాలే మా అక్క. గిది చూసే వచ్చింది."

2025 జూన్ 30న పదవీ విరమణ చేస్తున్న శ్రీ రాజలింగం గారికి, సతీమణి పద్మశ్రీ గారికి ఆరోగ్యం, మనశ్శాంతి, కుంచె పట్టే చేతికి వణుకు లేని సుదీర్ఘ ఆయుష్షు కలగాలని మన విభాగమంతా మనసారా కోరుకుంటోంది. ఇక ఒక నిర్ణయం. జూలై ఒకటి నుంచి మన విభాగం గడప ముందు రోజూ ఎనిమిది రేకుల ముగ్గు పడుతుంది. ఎనిమిదోది తెరిచే ఉంటుంది. ఎప్పుడైనా పోవచ్చులే అని ఊరుకుంటే కుదరదు రాజలింగం గారూ. పదమూడు వారాలు చూస్తాం. రాకపోతే మూసేస్తాం. అప్పుడు తిట్టడానికైనా వస్తారు.